అత్తయ్యగారి ముక్కు

తెలుగువాళ్లకు ముక్కంటే మహా మోజు. కోపం వస్తే అది ముక్కు మీదికే వస్తుంది. ఆశ్చర్యం కలిగితే ముక్కున వేలు వేసుకుంటాం. మొండివాణ్ణి లొంగదీయాలంటే ముక్కుకు తాడు వేయాలంటాం. పసివాడు ముక్కుపచ్చలారనివాడు. దారి అడిగినవాణ్ణి ముక్కుకు సూటిగా పొమ్మంటాం. అంతదాకా ఎందుకు, ఆడదాని ముక్కు మీద చెప్పిన ఒక్క పద్యం పుణ్యమా అని నంది తిమ్మనగారు కాస్తా ముక్కు తిమ్మన అయిపోయాడు. ఆ పద్యం ఇప్పుడు మనకు కనిపించేది రామరాజభూషణుడి వసుచరిత్రలో. తిమ్మన దగ్గర వెల ఇచ్చి కొనుక్కున్నాడని ఒక కథ. ఆ కథకు ఆధారాలు అడిగితే నేను చెప్పలేను కాని, క్లాసులో అది ఎత్తుకున్నప్పుడల్లా వెనక బెంచీలు కూడా నిద్ర లేస్తాయి. అంచేత దాన్ని వదులుకునే వుద్దేశం నాకు లేదు.

అయితే ఇన్ని ప్రబంధాలు తిరగేసినా, ఇరవై ఏళ్లుగా పాఠం చెబుతున్నా, ఏ కవీ ముక్కు లోపలికి తొంగి చూడలేదన్న సంగతి నాకు పోయిన కార్తీకమాసం దాకా తోచలేదు. తోచేట్టు చేసింది మా అత్తయ్యగారి ముక్కు.

ఆవిడకు డెబ్భై రెండేళ్లు. కాపరానికి భద్రాచలం వచ్చిన నాటినుంచీ ఏకాదశి ఏకాదశికీ గుడి మెట్లెక్కి దర్శనం చేసుకున్న మనిషి. రెండేళ్లుగా మోకాళ్లు మొరాయించాయి. మెట్ల కిందే నిలబడి గోపురానికి దణ్ణం పెట్టుకుని వచ్చేవారు. ఇంట్లోకి వచ్చాక మాత్రం ఆ రోజంతా ఎవరితోనూ సరిగా మాట్లాడేవారు కాదు. మందులూ, నూనెలూ, మోకాలికి కట్టే పట్టీలూ అన్నీ అయ్యాక, కీలు మార్చక తప్పదని హైదరాబాదులో ఒక ఆస్పత్రివారు తేల్చారు. ఆస్పత్రి పేరు మనకెందుకు లెండి. మావారు బ్యాంకులో సెలవు పెట్టారు. రెండు మూటలు పచ్చడి సీసాలూ, ఒక మూట బట్టలూ, పరీక్షల కాగితాల సంచీ తీసుకుని రాత్రి బస్సెక్కాం. రైలెక్కొచ్చు కదా అంటారేమో. భద్రాచలం రోడ్డు అనే రైల్వే స్టేషను వున్నది కొత్తగూడెంలో, మాకు నలభై కిలోమీటర్ల దూరాన. పేరు చూసి టిక్కెట్టు కొన్న దూరప్రాంతపు భక్తులు అక్కడ దిగి రాముడెక్కడా అని వెతుక్కోవడం మేం రోజూ చూసేదే.

ఆపరేషనుకు పది రోజుల ముందు పరీక్షలు. రక్తం, మూత్రం, గుండె, ఊపిరితిత్తులు, పళ్లు కూడా చూశారు. అన్నీ అయ్యాక ఒక నర్సమ్మ వచ్చింది. మన వైపు పిల్లే, ఇల్లెందు. చేతిలో సన్నటి పుల్ల, పుల్ల కొసన దూది. చెవిలో గులిమి తీసుకునే పుల్లకు అక్కగారిలా వుంది. అత్తయ్యగారు దాన్ని చూస్తూనే మొహం పక్కకు తిప్పేసుకున్నారు.

"కరోనా రోజుల్లో చేశారు కదమ్మా! మెదడు దాకా పోయినంత పనయింది."

"ఇది లోపలికి పోదు మామ్మగారూ, గుమ్మంలోనే ఆగుతుంది" అన్నదా పిల్ల.

అన్నట్టే చేసింది. ముక్కుపుటం మొదట్లో, వెంట్రుకలుండే చోట, నాలుగైదుసార్లు గుండ్రంగా తిప్పింది. అదే పుల్లను రెండో పుటంలోనూ తిప్పింది. తీసి ఒక గొట్టంలో పెట్టి మూత బిగించి పేరు రాసింది. నిమిషం పట్టలేదు. అత్తయ్యగారికి ఒక తుమ్ము మాత్రం వచ్చింది. ఒంటి తుమ్ము శకునం కాదని ఆవిడ ఇంకోటి కోసం చాలాసేపు ప్రయత్నించారు, రాలేదు.

మేం ఇంటికి తిరిగివచ్చిన మూడో రోజు ఫోను. ముక్కు పరీక్ష పాజిటివ్ వచ్చింది, ఎమ్మార్‌ఎస్‌ఏ అనే మందులకు లొంగని క్రిమి కనిపించింది, కంగారు లేదు, ఆపరేషను మాత్రం ఒక వారం వెనక్కి జరుపుదాం అన్నారు. ఇంగ్లీషులో పాజిటివ్ అన్న మాట ఎక్కడ విన్నా మంచికే వాడతారు, ఒక్క ఆస్పత్రిలో తప్ప.

భాష చెప్పుకుని బతికేదాన్ని కనుక నేను మొదట ఆ క్రిమి పేరు మీద పడ్డాను. దాని ఇంటిపేరు స్టాఫిలోకాకస్. స్కాట్లండులో ఆబర్డీన్ అనే వూళ్లో అలెగ్జాండర్ ఆగ్‌స్టన్ అని ఒక శస్త్రవైద్యుడుండేవాడు. ఆ రోజుల్లో కోసిన గాయం చీము పట్టడం మామూలు. ఆ చీములో ఏముందో చూద్దామని ఆయన 1880లో సూక్ష్మదర్శిని కింద పెడితే గుండ్రటి గింజలు గుత్తులుగుత్తులుగా కనిపించాయి. దానికి పేరు పెట్టడానికి అదే వూరి విశ్వవిద్యాలయంలో గ్రీకు చెప్పే పండితుడు సాయపడ్డాడట. గ్రీకులో స్టాఫిలే అంటే ద్రాక్షగుత్తి, కోకోస్ అంటే గింజ. 1882లో ఆ పేరు అచ్చయింది. భాషాపంతుళ్ల వల్ల లోకానికి ఉపయోగం ఏమిటని అడిగే ఇంజనీరు బంధువులు మాకు ఇద్దరున్నారు. వారు ఈ సంగతి చిత్తగించాలి. రెండేళ్ల తరువాత రోజెన్‌బాక్ అనే జర్మను వైద్యుడు వీటిని పెంచి చూసి, పసిడివన్నెలో వున్నాయని ఆరియస్ అనే మాట చేర్చాడు. లాటిన్‌లో బంగారు అని. వెరసి తెలుగులో స్వర్ణద్రాక్ష. వినడానికి ప్రబంధనాయిక చెలికత్తెలా వుంటుంది.

ఈ స్వర్ణద్రాక్ష ఆరోగ్యంగా తిరుగుతున్న మనుషుల్లో నూటికి సుమారు ముప్ఫైమంది ముక్కుల్లో కాపరం వుంటుంది. ముక్కు దానికి ఇల్లు. అక్కడున్నంతసేపూ ఎవరినీ ఏమీ అనదు. ముక్కు నలుపుకున్న చేయి ఒంటి మీదికి పోతుంది, ఒంటి మీది నుంచి గాయంలోకి పోతుంది. గాయంలోకి పోయినప్పుడు తంటా. ఆపరేషను తరువాత ఈ క్రిమి వల్ల చెడిన గాయాల్లో చాలావాటికి మూలం రోగి ముక్కులోనే వుందని పరిశోధకులు చూశారు. చర్మం మీది పుండయితే ఎలాగో మానుతుంది. కీలు మార్చిన చోట లోహం వుంటుంది. లోహాన్ని పట్టుకున్నదంటే ఈ క్రిమి తన చుట్టూ ఒక జిగురు పొర అల్లుకుంటుంది. ఆ పొర దాటి మందు లోపలికి పోదు. చాలాసార్లు పెట్టిన కీలు మళ్లీ తీయవలసివస్తుంది. డెబ్భై రెండేళ్ల మనిషికి రెండోసారి కోత అంటే ఏమిటో ఆలోచించండి.

మందులకు లొంగకపోవడం దీనికి కొత్త కాదు. 1928లో ఫ్లెమింగ్ పళ్లెంలో బూజు పడి, చుట్టూ వున్న క్రిములు చచ్చాయని చదువుకున్నాం కదా, ఆ చచ్చిన క్రిములు ఈ జాతివే. 1945లో నోబెల్ బహుమతి అందుకుంటూ ఆయనే హెచ్చరించాడు: పెన్సిలిను చాలీచాలకుండా వాడితే క్రిములు దానికి అలవాటుపడతాయని. ఆ హెచ్చరిక చల్లారకముందే ఆస్పత్రుల్లో పెన్సిలినుకు చావని స్టాఫిలోకాకస్ తయారైంది. 1948లో ఆరియోమైసిన్ వచ్చింది. దీంట్లో మనకు కొంచెం వాటా వుంది. డగ్గర్ అనే శాస్త్రజ్ఞుడు మట్టిలో దొరికిన జీవి నుంచి దాన్ని తీసింది అమెరికాలో లెడర్లే ప్రయోగశాలలో. అక్కడి పరిశోధనలకు అధిపతి భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఆయన ఆ ఏడే పోయారు. ఆ మందూ పసిడివన్నెదే, అందుకే ఆ పేరు. బంగారు పురుగు మీదికి బంగారు మందు! కొన్నాళ్లు బాగానే నడిచింది. తరువాత దానికీ అలవాటుపడింది. 1959లో మెథిసిలిన్ అని, ప్రత్యేకంగా ఈ మొండిఘటాల కోసమే ఒక మందు చేశారు. రెండేళ్లు తిరగకుండా, 1961లో, దానికీ లొంగని రకాన్ని ఇంగ్లండులో పెట్రీషియా జెవన్స్ అనే ఆవిడ పట్టి చూపించింది. ఆ రకానికే ఎమ్మార్‌ఎస్‌ఏ అని పేరు. ఈ జాతి మందులు క్రిమి గోడ కట్టుకునే పనిముట్టుకు అంటుకుని దాన్ని కదలనీయవు. ఇది ఎక్కడినుంచో ఒక జన్యువు సంపాదించి, మందు అంటుకోని వేరే పనిముట్టు చేసుకుంది. ఇంటికి తాళం మార్చేస్తే పాత తాళంచెవి ఎందుకు పనికొస్తుంది? మెథిసిలిన్‌ను ఇప్పుడు వైద్యులు వాడటమే లేదు. మందు పోయింది, పేరు మటుకు క్రిమికి అంటుకుపోయింది.

ఈ పురాణమంతా నేను రాత్రిళ్లు చదువుకున్నాను. పగలు ఇంట్లో జరిగింది వేరు.

మావారు ఎంత మెత్తగా చెప్పినా అత్తయ్యగారికి వినపడింది ఒక్కటే, తన ముక్కులో పురుగున్నదని. ఆవిడ యాభై ఏళ్లకు పైగా మడి పాటించిన మనిషి. దండెం మీద ఆరిన చీర కర్రతో తీసుకుంటారే గాని చేత్తో తీయనివ్వరు. నేను కాలేజీ నుంచి రాగానే కాళ్లు కడుక్కోకుండా వంటింటి గడప తొక్కితే చూపుతోనే ఆపేస్తారు. అలాంటి మనిషి ఆ సాయంత్రం దీపం పెట్టలేదు. పూజగది గుమ్మం దగ్గర దాకా వెళ్లి వెనక్కి వచ్చేశారు. రాత్రి కంచం పెరటి అరుగు మీద పెట్టించుకున్నారు. ఆరేళ్ల మా అమ్మాయి ఎప్పటిలాగే కథ కోసం ఒళ్లోకి ఎక్కబోతే, "వద్దు తల్లీ, అటు వుండు" అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు. ఆవిడకు నిజమైన దెబ్బ ఎక్కడ తగిలిందో నాకు అప్పుడు తెలిసింది. మోకాలి నొప్పికి ఒక్కనాడూ కన్నీళ్లు పెట్టుకోలేదు. ఆ రాత్రి పెట్టుకున్నారు.

తెల్లవారేసరికి దుఃఖం కాస్తా కోపం అయింది. కోపానికి ఒక మనిషి కావాలి.

మా ఇంట్లో పనిచేసే అమ్మాయి చర్ల దారిలో ఒక గూడెం నుంచి వచ్చిన కోయ పిల్ల. ఇంకో రెండిళ్లలోనూ పనిచేస్తుంది. నాలుగేళ్లుగా వుంది. అత్తయ్యగారికి రాత్రిపూట మోకాళ్లకు నూనె రాసింది ఈ పిల్లే.

"ఎక్కడెక్కడి గిన్నెలో తోమి వస్తుంది. దానివల్లే వచ్చింది. రేపటినుంచి రావద్దని చెప్పమ్మా" అన్నారు అత్తయ్యగారు.

పెద్దావిడ మాట. పైగా ఆపరేషను ముందు మనసు కష్టపెట్టకూడదని మావారి వాదన. ఓ నెల మానిపించి తరువాత పిలుద్దాం, ఏముంది అన్నారు. ఏముందంటే, ఆ నెల జీతంతో ఆ ఇంట్లో బియ్యం వస్తాయి. అదీగాక, ఫలానావారింట్లో ముక్కుజబ్బు అంటించిందని మాన్పించారు అన్న మాట పుట్టిందంటే మిగిలిన రెండిళ్లవాళ్లూ మాన్పిస్తారు. మా వీధిలో వార్తకు రెక్కలు అక్కర్లేదు.

నేను ఇల్లెందు నర్సమ్మకు ఫోను చేశాను. ఆ పిల్ల ఓపిక గొప్పది. మామ్మగారు ఈ మధ్య ఎక్కడైనా ఆస్పత్రిలో పడుకున్నారా అని అడిగింది. పడుకున్నారు, అంతకు ముందు ఏడాది మూత్రంలో చీము పట్టి ఒక ఆస్పత్రిలో తొమ్మిది రోజులు వున్నారు, సూదిమందులు చాలానే పడ్డాయి. "ఈ క్రిమి ఎక్కువగా దొరికేది అలాంటివాళ్లలోనేనండీ. ఆస్పత్రిలో పడుకోవడం, యాంటీబయోటిక్స్ ఎక్కువ వాడటం. మాలాంటి నర్సుల ముక్కుల్లోనూ వుండొచ్చు. ఎవరినుంచి వచ్చిందో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. ఇంట్లో అందరికీ పరీక్షలు చేయించడం కూడా మామూలుగా అవసరం లేదు. మామ్మగారికి జబ్బేమీ లేదని చెప్పండి. పాపను ఎత్తుకోవచ్చని చెప్పండి. చేతులు మటుకు కడుక్కోమనండి" అన్నది.

ఫోను స్పీకరు మీద పెట్టే చేశాను. అత్తయ్యగారు విష్ణు సహస్రనామం పుస్తకం తెరిచి పట్టుకునే వున్నారు, పేజీ తిరగలేదు. ఆ తొమ్మిది రోజుల సంగతి వచ్చేసరికి పుస్తకం మూశారు. తరువాత పనమ్మాయి మాట మళ్లీ ఎత్తలేదు. ఎత్తితే నేను ఏం చెప్పాలో నిర్ణయించుకునే వున్నాను, చెప్పవలసిన అవసరం రాలేదు.

మడి అంటే పరిశుభ్రతే, మన పెద్దలకు క్రిముల సంగతి అప్పుడే తెలుసు అని వాదించే బంధువులు నాకు చాలామంది వున్నారు. ఈ ముక్కు వ్యవహారం విని ఒకాయన ఆ పాట మళ్లీ అందుకున్నాడు. నాకు ఆ వాదం గొంతు దిగదు. చేయి కడుక్కోవడం మంచిదే, తడిబట్ట ఆరేయడం మంచిదే. కాని మడి ఎప్పుడూ ఏం ముట్టుకున్నావని మాత్రమే అడగలేదు, ఎవరిని ముట్టుకున్నావని అడిగింది. దూదిపుల్ల ఆ ప్రశ్న అడగదు. యాభై ఏళ్లు ఎవరినీ ముట్టుకోని ముక్కులోనూ కనపడింది చూపించింది. పనమ్మాయి ముక్కులో పెడితే ఏమీ కనపడకపోవచ్చు, నా ముక్కులో కనపడవచ్చు.

అయితే విచిత్రం చూడండి, ఆస్పత్రివారు రాసిచ్చిన అయిదు రోజుల చికిత్స అచ్చం మడిలాగే వుంది. మ్యుపిరోసిన్ అనే లేపనం. అగ్గిపుల్ల తలంత తీసుకుని రెండు పుటాల్లోనూ పొద్దునా రాత్రీ రాసుకుని, ముక్కు రెండు వైపులా నొక్కి వదలాలి. క్లోర్‌హెక్సిడిన్ అనే గులాబీరంగు ద్రవంతో రోజూ స్నానం. కళ్లల్లోకీ చెవుల్లోకీ పోనీయకూడదు, రాసి ఒక నిమిషం ఆగి పోసుకోవాలి. తలంటి రెండుసార్లు. స్నానం కాగానే ఉతికిన తువ్వాలు, ఉతికిన చీర. పక్కమీద దుప్పటి రోజూ మార్పు. ఒకరి తువ్వాలు మరొకరు వాడకూడదు. దువ్వెన విడిగా.

చీటీ చదువుతున్నకొద్దీ అత్తయ్యగారి మొహం తేరుకుంది. "ఇదంతా నేను చేసేదే కదే!" అన్నారు. చేయడం మొదలుపెట్టాక ఆస్పత్రివారిని మించిపోయారు. గడియారం పెట్టుకుని నిమిషానికి బదులు మూడు నిమిషాలు. తువ్వాళ్లకు దండెం మీద ఎడంగా ఒక చోటు. మూడో రోజుకు పక్కింటి పిన్నిగారికి, "మా డాక్టరుగారు మడి రాసిచ్చాడమ్మా" అని గోడ మీదుగా చెప్పడం నేను విన్నాను. ఆ రోజు సాయంత్రం దీపం పెట్టారు. పాప మళ్లీ ఒళ్లోకి చేరింది.

ఆ అయిదు రోజులూ దుప్పట్లు ఉతికింది మాత్రం పనమ్మాయే. వేణ్ణీళ్లూ సబ్బూ ఇచ్చి, ఎందుకు ఇలా చేస్తున్నామో ఆ పిల్లకు నేనే చెప్పాను. దాచిపెడితే ఇంకెవరో ఇంకోలా చెబుతారు. అంతా విని, దుప్పటి పిండుతూ అడిగింది:

"ఇది ఆపరేషనుకు ముందే చూస్తారా అమ్మా?"

"చూశారు కదా."

"మా తమ్ముడికి చూళ్లేదు."

తమ్ముడు బండి మీంచి పడి తొడ ఎముక విరిగింది. పట్నంలో ఒక ఆస్పత్రిలో రాడ్డు వేశారు. కుట్లు విప్పాక సన్నగా చీము కారడం మొదలైంది, ఆగలేదు. నాలుగు నెలలు తిరిగారు. చివరికి రాడ్డు తీసి, శుభ్రం చేసి, ఇంకోటి వేశారు. రెండు పంటలు పోయాయి. ఎద్దుల జత పోయింది. ఆ చీము ముక్కులోంచి వచ్చిన క్రిమి వల్లనో, రోడ్డు మీది మట్టి వల్లనో, మరి దేనివల్లనో ఎవరు చెప్పగలరు? ఆ పిల్ల కూడా నిందగా అనలేదు. చూసే వీలుందన్న సంగతి అప్పుడే తెలిసినట్టు అన్నది.

నేను ఆ మాటకు జవాబు వెతికాను. విరిగిన ఎముక అయిదు రోజులు ఆగదు. కల్చర్ పరీక్షకు రెండు మూడు రోజులు పడుతుంది. జన్యువును పట్టే పరీక్ష రెండు మూడు గంటల్లో చెబుతుంది గాని ఖరీదైనది, అన్ని చోట్లా వుండదు. ఇలాంటివారికి పరీక్షతో పని పెట్టుకోకుండా, ఆపరేషను రోజునే ముక్కుల్లో పోవిడోన్ అయొడిన్ రాసే పద్ధతి కొన్నిచోట్ల వుంది. మనం దెబ్బ తగిలితే పూసుకునే ఎర్రటి అయొడిన్ వుందే, దాని జాతిదే. ఖరీదు పెద్దదేమీ కాదు. ఇవన్నీ నేను ఆ పిల్లకు చెప్పాను. "అట్లనా అమ్మా" అని బకెట్టు ఎత్తుకుని దండెం వైపు వెళ్లింది.

ఇంతకూ ఈ పరీక్ష వల్ల లాభం వుందా అని మా కాలేజీలో లెక్కల మాస్టారు నిలదీశారు. ఆయనకు శాతాలు చెప్పకపోతే వదలరు. నెదర్లాండ్స్‌లో చేసిన ఒక పరిశోధన ఫలితం 2010లో అచ్చయింది. ఆస్పత్రిలో చేరినవాళ్ల ముక్కులు చూసి, స్వర్ణద్రాక్ష వున్నవాళ్లను రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు ఈ లేపనమూ ఈ స్నానమూ. రెండో జట్టుకు అలాగే కనిపించే ఉత్తుత్తి మందు. మందు వాడినవారిలో నూటికి 3.4 మందికి ఈ క్రిమి వల్ల ఆస్పత్రిలో జబ్బు చేసింది, రెండోవారిలో 7.7 మందికి. వాళ్లకు దొరికినవన్నీ మందులకు లొంగే రకాలే. లొంగని రకమైతే గాయం చెడ్డాక వైద్యం ఇంకా కష్టం కనుక ముందుచూపు విలువ మరికాస్త పెరుగుతుందని నా లెక్క. మాస్టారు ఒప్పుకున్నారు గాని, "మరి అందరికీ చేస్తారా?" అన్నారు. ఇంగ్లండులో 2009 నుంచి ముందే తేదీ పెట్టుకుని ఆస్పత్రిలో చేరేవారందరికీ చేశారు. ఖర్చుకు తగ్గ ఫలితం అందరిలోనూ లేదని 2014లో ప్రమాదం ఎక్కువున్నవారికి పరిమితం చేసుకోవచ్చన్నారు. పోనీ పరీక్ష మానేసి అందరి ముక్కులకూ లేపనం రాసేస్తే పోలేదా అంటే, అలా రాసినచోట ఆ లేపనానికీ లొంగని క్రిములు బయలుదేరుతున్నాయి. మళ్లీ మొదటికి వచ్చాం కదా! నా మటుకు నాకు, కీళ్లూ గుండె కవాటాలూ పెట్టేవారికి ఈ పుల్ల తిప్పకుండా కత్తి పెట్టకూడదనిపిస్తుంది.

భద్రాచలంవాళ్లకు ఇది వేరే చెప్పనక్కర్లేదు. ఆషాఢ శ్రావణాల్లో మా వూళ్లో ఏ ఇద్దరు కలుసుకున్నా ముందు అడిగేది, "ఎన్ని అడుగులు?" అని. గోదావరి 43 అడుగులకు వస్తే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986లో 75.6 అడుగులు వచ్చింది, 2022 జులైలో 71.3. మొదటి హెచ్చరిక నాటికి నీళ్లు ఎవరింట్లోకీ రావు. అయినా కింది వీధులవాళ్లు బియ్యం మూటలు అటక మీదికి ఎక్కిస్తారు. వారం పాటు ఆపరేషను వాయిదా పడిందని మా పెద్ద ఆడపడుచు ఫోనులో గొడవ పెట్టుకున్నప్పుడు నేను ఈ అడుగుల లెక్కే చెప్పాను. వెంటనే ఫోను పెట్టేసింది. ఆవిడ మెట్టినిల్లు కింది వీధిలోనే.

క్రిమి ముక్కులో వుండటం ఒక ఎత్తు, మందుకు లొంగకుండా తయారవడం మరో ఎత్తు. రెండోదానికి మనం చేసే సేవ తక్కువేం కాదు. మన దేశంలో పదిహేను పెద్ద ఆస్పత్రులు కలిసి 2008, 2009 సంవత్సరాల్లో లెక్క చూస్తే, రోగుల్లో దొరికిన స్వర్ణద్రాక్షలో నూటికి నలభై పాళ్లు ఈ లొంగని రకమే. మా ఏజెన్సీ గూడేల్లో జ్వరం వస్తే ముందు వచ్చేది ఆర్‌ఎంపీ డాక్టరు. ఆయన్ను తిట్టడం తేలిక. వానాకాలంలో వాగు దాటి వచ్చేది ఆయన ఒక్కడే. కాని ఆయన సంచీలో మూడు రోజుల బిళ్లలుంటాయి. రెండో రోజుకు జ్వరం తగ్గితే మూడో రోజు బిళ్ల దూలం మీద దాచుకుంటారు, ఇంకోసారికి, ఇంకొకరికి. పట్నంవాళ్లం మనం తక్కువ తిన్నామా? గొంతు నొప్పి అనగానే మందుల షాపుకు పోయి పేరు చెప్పి కొనేస్తాం. చాలా యాంటీబయోటిక్స్ చీటీ లేకుండా అమ్మకూడదనీ, అమ్మితే పుస్తకంలో రాయాలనీ 2014 మార్చి నుంచి కట్టుదిట్టం చేశారు. అట్టమీద ఎర్ర గీత వుంటే డాక్టరు చెప్పందే వాడవద్దని 2016లో ప్రచారం కూడా చేశారు. ఆ గీత మీ ఇంట్లో మందుల డబ్బాలో ఎన్ని అట్టల మీద వుందో ఒకసారి చూడండి. నేను చూశాను, మా ఇంట్లో నాలుగు. ఇక మందులు తయారయ్యే చోట సంగతి: హైదరాబాదు పక్క పటాన్‌చెరులో మందుల కర్మాగారాల మురుగు శుద్ధి చేసి వదిలే నీళ్లను స్వీడను పరిశోధకులు చూసి 2007లో రాశారు, లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ వుందని. ఆ నీళ్లల్లో బతకడం నేర్చిన క్రిమికి మన బిళ్ల ఒక లెక్కా?

అత్తయ్యగారి అయిదు రోజులూ అయ్యాయి. ఆపరేషను రోజున మామూలు యాంటీబయోటిక్‌కు తోడు వాంకోమైసిన్ అనే మందు గంటకు పైగా సన్నగా ఎక్కించారు. ఈ రకానికి అది పనిచేస్తుంది. మూడో రోజు నడిపించారు. పన్నెండో రోజు కుట్లు విప్పారు. గాయం పొడిగా వుంది. పరీక్ష లేకపోయినా పొడిగానే వుండేదేమో, అలా అని ఎవరైనా అంటే కాదనలేను. ఇంటికి వచ్చిన రోజు పనమ్మాయి గుమ్మంలో దిష్టి తీసింది. ఆవిడ ఆ పిల్ల భుజం పట్టుకునే మెట్టు ఎక్కారు. తరువాత వెళ్లి స్నానం చేశారా అంటే, చేశారు. అది అలా వుంచండి.

తమ్ముడికి తీసిన మొదటి రాడ్డు తాలూకు కాగితాలన్నీ తెమ్మని పనమ్మాయికి చెప్పాను. తెచ్చింది. చీము పరీక్ష కాగితం అందులో ఒకటుంది, ఎవరూ వాళ్లకు చదివి చెప్పలేదు. ఇల్లెందు నర్సమ్మకు ఫోటో తీసి పంపాను. ఇప్పటికి గాయం మానింది గాని, ముందు ముందు ఆ కాలుకు ఏ ఆపరేషను చేయించినా ఈ కాగితం ముందు చూపించమన్నది. దాన్ని ప్లాస్టిక్ సంచీలో పెట్టి, ఆధార్ కార్డు పక్కన దాచమని ఇచ్చాను.

మూడో నెల చూపించుకోవడానికి మళ్లీ హైదరాబాదు వెళ్లాం. డాక్టరుగారు మోకాలు వంచి చూసి సంతోషించారు. ఇంకేమైనా అడగాలా అన్నారు. అత్తయ్యగారు కొంగు సర్దుకుని, "ఆ ముక్కు పురుగు మళ్లీ వస్తుందా బాబూ?" అని అడిగారు. రావచ్చు, కొన్ని నెలలకు కొందరిలో మళ్లీ చేరుతుంది, రెండో మోకాలు చేసే ముందు మళ్లీ చూద్దాం అన్నారాయన. ముక్కులో వేలు పెట్టుకునే అలవాటు వున్నవాళ్లలో ఇది ఎక్కువగా వుంటుందని కూడా చెప్పారు. డచ్చివాళ్లు 2006లో ఆ సంగతి పరిశోధించి మరీ రాశారట.

అత్తయ్యగారు మెల్లిగా తల తిప్పి మావారి వైపు చూశారు. ఆయన ఆదివారం పేపరు చదువుకునే భంగిమ మా ఇంటిల్లిపాదికీ తెలుసు.

"అయితే ముందు వీడికి తిప్పు బాబూ ఆ పుల్ల" అన్నారు.